చెరువు గట్టు మీద సైన్స్ క్లాసు: ఆవరణ వ్యవస్థలు, వాతావరణ మార్పు ప్రశ్నలతో నేర్పడం ఎలా

వాతావరణ మార్పు పాఠం అనగానే మనలో చాలామంది ముందు కరుగుతున్న మంచు ముక్క మీద నిలబడ్డ ధ్రువపు ఎలుగుబంటి బొమ్మ చూపిస్తాం. జగిత్యాల దగ్గరో మార్కాపురం దగ్గరో ఎనిమిదో తరగతి చదివే పిల్లకి ఆ ఎలుగుబంటితో ఏం పని? కాసేపు జాలి పడుతుంది, పరీక్షలో హరితగృహ ప్రభావం నిర్వచనం రాస్తుంది, అంతటితో అయిపోతుంది. అదే పిల్ల ఎండాకాలంలో తెల్లవారుజామున ఊరి చెరువులో చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే చూసి ఉంటుంది, అలుగు పారడం ఎప్పుడో ఒకసారి చూసి ఉంటుంది, బావి ఎండిపోయిందని ఇంట్లో మాట్లాడుకోవడం వినే ఉంటుంది. వీటి గురించి క్లాసులో ఎవరూ అడగరు.

అందుకే జవాబులతో మొదలుపెట్టకండి. పిల్లలు తమ చేతులతో తేల్చుకోగలిగే ప్రశ్న ఒకటి ఊళ్ళోనే పట్టుకోండి, వాళ్ళు ఏం చెప్పినా "అది నీకెలా తెలిసింది?" అని అడుగుతూ ఉండండి. మిగతాదంతా ఈ రెండు పనులు చేయడానికి పనికొచ్చే వివరాలే.

ల్యాబ్ లేదని టెన్షన్ పడక్కర్లేదు. మూడు నాలుగు థర్మామీటర్లు, తాగి పారేసిన ప్లాస్టిక్ సీసాలు, తాంబూలంలో వేసుకునే సున్నం, తాడు, ఒక లావుపాటి రిజిస్టరు ఉంటే చాలు. చెరువు లేని ఊళ్ళో కుంటయినా కాలువయినా సరే, బడి వెనక వేపచెట్టయినా సరే. కాకినాడ వైపు ఉన్నవాళ్ళకి కోరింగ మడ అడవి ఉంది, ఏలూరు వైపు వాళ్ళకి కొల్లేరు ఉంది. పిల్లలు మళ్ళీ మళ్ళీ నడిచి వెళ్ళగలిగే చోటై ఉండాలి, అదొక్కటే షరతు. ఏడాదికోసారి బస్సెక్కి వెళ్ళి చూసొచ్చే చోటు ఈ పనికి ఎంతమాత్రం సరిపోదు, ఎందుకంటే మార్పు కనిపించాలంటే ఒకే చోటిని పదే పదే చూడాలి.

ముందు ప్రశ్నలు

మొదటి పీరియడ్‌లో తలా ఒక చీటీ ఇచ్చి, చెరువు గురించి మీకు అర్థంకానిది ఒకటి రాయండి అని చెప్పండి. పేరు రాయొద్దని చెబితే ఇంకా మంచి ప్రశ్నలు వస్తాయి. గుర్రపు డెక్క ఎవరు వేశారు, కొంగలు వానాకాలంలో ఎక్కడికి పోతాయి, బురదలో కర్ర గుచ్చితే బుడగలు ఎందుకు వస్తాయి, తాతల కాలంలో ఏటా నిండే చెరువు ఇప్పుడు ఎందుకు నిండట్లేదు. ఇలాంటివి.

ఆ చీటీలన్నీ నేలమీద పరిచి నాలుగు కుప్పలు చేయమనండి: మనం కొలిచి తేల్చగలిగేవి, ఊళ్ళోవాళ్ళని అడిగి తెలుసుకునేవి, పుస్తకంలో వెతుక్కునేవి, ఇప్పుడు మనవల్ల కానివి. ఏ చీటీ ఏ కుప్పలోకి పోవాలో పిల్లలే వాదించుకోవాలి. ఈ వాదనకి ఒక పీరియడ్ మొత్తం పోయినా నష్టం లేదు, ఎందుకంటే కొలవగలిగే ప్రశ్న ఏది అన్నది తెలియడమే సైన్స్‌లో సగం పని. "చెరువు ఎందుకు పాడైంది?" అన్నది చాలా పెద్ద ప్రశ్న, దాన్ని పట్టుకుని ఎక్కడికీ పోలేం. "గుర్రపు డెక్క కప్పేసిన చోట, కప్పని చోట నీళ్ళ వేడిలో ఎంత తేడా ఉంది?" అని మార్చితే రేపు పొద్దున్నే థర్మామీటర్ పట్టుకుని వెళ్ళొచ్చు. మార్చే పని మీరు చేయకండి. ఏం కొలుస్తావు, దేనితో, ఎన్నిసార్లు అని అడుగుతూ పోతే వాళ్ళే మారుస్తారు.

గట్టు ఎక్కే ముందు

హెడ్మాస్టర్ నుంచి రాతపూర్వక అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు తప్పనిసరి. ఎవరూ నీళ్ళలోకి దిగకూడదు, ఎంత లోతు లేనట్టు కనిపించినా సరే. మన చెరువుల్లో మొరం కోసం, మట్టి కోసం తవ్విన గుంతలు నీళ్ళ కింద కనిపించకుండా ఉంటాయి, పిల్లలు మునిగిపోయేది ఎక్కువగా అలాంటి గుంతల్లోనే. నీళ్ళ నమూనా కావాలంటే సీసాకి తాడు కట్టి గట్టు మీద నుంచే విసిరి లాగాలి. ఉరుములు వినిపిస్తే వెంటనే వెనక్కి వచ్చేయాలి. పదిమందికి ఒక పెద్దవాళ్ళు ఉండేలా చూసుకోండి, మత్స్య సహకార సంఘం నుంచి ఒకరిని రమ్మంటే భద్రతకీ మంచిది, పాఠానికీ మంచిది.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఏమీ చెప్పకండి

కష్టమైన పని ఇదే. నత్తను చూపించి ఇది ప్రాథమిక వినియోగదారు అనాలని నోరు దురద పెడుతుంది, ఆపుకోండి. నలుగురేసి పిల్లల్ని ఒక్కో చోట కూర్చోబెట్టి, తాడుతో గజం చదరం గీయించి, అందులో ప్రాణం ఉన్నవేమిటి, లేనివేమిటి, ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనివేమిటి అని రాయమనండి. మూడో వరుసలోకి ఎండుటాకులు, నత్త గుల్లలు, పేడ వస్తాయి. అవి ఏమైపోతాయి అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది, విచ్ఛిన్నకారుల పాఠానికి అంతకంటే మంచి దారి లేదు. పేరు తెలియని పురుగుకి బొమ్మ గీస్తే చాలు.

తిరిగొచ్చాక ఆహార జాలకం గీయించేటప్పుడు ఒక నియమం పెట్టండి. కళ్ళతో చూసినదానికి నిండు గీత, ఎవరో చెబితే విన్నదానికి చుక్కల గీత. నీటికాకి చేపను పట్టడం చూశారు, నిండు గీత. కొర్రమీను చిన్న చేపల్ని తింటుందని ఎవరి నాన్నో చెప్పారు, చుక్కల గీత. తూనీగ పిల్లలు నీళ్ళలో ఉండి దోమ పిల్లల్ని తింటాయన్నది పుస్తకంలో ఉంది, అదీ చుక్కలే. ఏడాది గడిచేకొద్దీ ఏ చుక్కలు నిండు గీతలయ్యాయో చూసుకోవచ్చు. బాణం తినేదాని వైపు చూపాలి, శక్తి పోయేది అటువైపే కాబట్టి. సగం మంది పిల్లలు తిరగేసి గీస్తారు, గీయనివ్వండి, తర్వాత ఎందుకో అడగండి.

ఒక ప్రశ్నను చివరిదాకా లాగండి

పది ప్రశ్నలు పైపైన తడిమి వదిలేయడం కంటే ఒకటి పట్టుకుని లోతుకి పోవడం ఎంతో మేలు. నాకు బాగా నచ్చిన ప్రశ్న చేపలది: ఎండాకాలంలో తెల్లవారుజామునే చేపలు పైకొచ్చి నోళ్ళు ఎందుకు తెరుస్తాయి? మధ్యాహ్నం ఎండ మండిపోతున్నప్పుడు రావాల్సింది కదా, పొద్దున్నే ఎందుకు?

పిల్లలు ఇచ్చే మొదటి జవాబులు బోర్డు మీద రాసి ఉంచండి. ఆకలికి, ఎండ కాచుకోవడానికి, నీళ్ళు చెడిపోయి, ఊపిరి ఆడక. ఒక్కోదాన్ని పరీక్షించాలంటే ఏం చేయాలో అడగండి. ఊపిరి ఆడక అన్నవాళ్ళు ఉంటే, నీళ్ళలో గాలి ఉందని నీకెలా తెలుసు అని అడగండి. గాజు గ్లాసులో కుళాయి నీళ్ళు పోసి వేడినీళ్ళ గిన్నెలో నిలబెడితే, మరగడానికి చాలా ముందే గ్లాసు గోడలకి చిన్న చిన్న బుడగలు పడతాయి. అది నీళ్ళలో కరిగిన గాలి బయటికి రావడం. వేడెక్కితే నీళ్ళు గాలిని పట్టి ఉంచలేవని పిల్లలు కళ్ళారా చూశాక అంకెలు ఇవ్వండి: 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్ళు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచగలవు, 30 డిగ్రీల దగ్గర సుమారు ఏడున్నరే.

ఇక్కడ ఎవరో ఒకరు అడ్డం తిరగాలి. మధ్యాహ్నం కదా నీళ్ళు ఎక్కువ వేడిగా ఉండేది, మరి పొద్దున్న ఎందుకు? ఎవరూ అడగకపోతే మీరే అడగండి. ఇప్పుడు హైడ్రిల్లా కొమ్మ నీళ్ళ సీసాలో వేసి ఎండలో పెట్టి నిమిషానికి ఎన్ని బుడగలు వస్తున్నాయో లెక్కపెట్టించండి, తర్వాత నీడలో, తర్వాత నల్లగుడ్డ కప్పి. చీకట్లో బుడగలు ఆగిపోతాయి. ఆగిపోవడమేనా, ఇంకేమైనా జరుగుతోందా? తాజా ఆకులు గుప్పెడు వేసిన సీసాకి నల్లగుడ్డ చుట్టి, లోపల చిన్న మూతలో సున్నపు తేట పెట్టి, గట్టిగా బిరడా బిగించి రాత్రంతా వదిలేయండి. పక్కన ఆకులు లేని సీసా కూడా అలాగే పెట్టండి. తెల్లారేసరికి ఆకులున్న సీసాలో తేట బాగా పాలలా మారుతుంది. సున్నపు తేటను పాలలా మార్చేది కార్బన్ డయాక్సైడే. చెట్లు కూడా దాన్ని వదులుతాయని, అంటే ఆక్సిజన్ వాడుకుంటాయని తేలింది. సున్నపు తేట కళ్ళల్లో పడకుండా, నోట్లోకి పోకుండా జాగ్రత్త.

ఇప్పుడు ముక్కలు కలపమనండి. పగలంతా నాచు ఆక్సిజన్ చేస్తుంది, సాయంత్రానికి నిండుగా ఉంటుంది, రాత్రంతా నాచు, చేపలు, బురదలోని సూక్ష్మజీవులు అన్నీ కలిసి వాడుకుంటాయి, తెల్లవారుజాముకి అడుగంటుతుంది. మురుగు, ఎరువులు కలిసిన నీళ్ళలో నాచు ఎక్కువ, కాబట్టి రాత్రి ఖర్చూ ఎక్కువ. భీమవరం చుట్టుపక్కల చేపల చెరువుల్లో నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రి పూట ఎందుకు తిరుగుతాయో అక్కడి పిల్లలు ఇంట్లోనే అడిగి తెలుసుకోవచ్చు. ఆ తర్వాత అసలు ప్రశ్న వేయండి: నీళ్ళు ఇప్పటికంటే రెండు డిగ్రీలు వేడెక్కితే ఈ చెరువులో మొదట ఇబ్బంది పడేది ఎవరు? కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, బొచ్చె, రోహు అలా చేయలేవు. వాతావరణ మార్పు చెరువులోకి ఎలా దిగుతుందో పిల్లలకి అర్థమయ్యేది ఇక్కడ.

ఎండను, వానను కొలవడం

రెండు లీటర్ల సీసా పైభాగం కోసి తిరగేసి గరాటులా పెడితే వానమాపకం అవుతుంది. సీసా అడుగు వంకరగా ఉంటుంది కాబట్టి కొన్ని గులకరాళ్ళు వేసి, గోడలు నిటారుగా మొదలయ్యే చోటిదాకా నీళ్ళు పోసి అక్కడ సున్నా గీత పెట్టాలి. చెట్టుకీ గోడకీ దూరంగా ఉంచాలి. రోజూ పొద్దున 8:30కి చూడాలి, వాతావరణ శాఖ చూసేదీ ఆ సమయానికే, అప్పుడు మన అంకెను మండల కేంద్రం అంకెతో పోల్చుకోవచ్చు. థర్మామీటర్లను మొదట ఒకే బకెట్ నీళ్ళలో కలిపి ముంచి, ఏది ఎంత తేడా చూపిస్తుందో రాసుకోండి. తర్వాత వేపచెట్టు కింద, రేకుల షెడ్డు కింద, సిమెంటు గచ్చు మీద, చెరువు గట్టు మీద ఒకేసారి కొలవండి, థర్మామీటరు మీద నేరుగా ఎండ పడకూడదు. చెట్టు చేసే పని ఏమిటో ఈ ఒక్క పట్టిక చెప్పినంత బాగా ఏ నినాదమూ చెప్పదు.

ఇక్కడే పిల్లలు తొందరపడతారు. ఈ ఏడాది ఎండ ఎక్కువ ఉంది కాబట్టి వాతావరణం మారిపోయింది అంటారు. ఒక్క ఏడాదితో తేలదని, కనీసం 30 ఏళ్ళ సగటు చూడాలని చెప్పి వదిలేయకుండా వాళ్ళకి పాత లెక్కలు చేతికివ్వండి. జిల్లా గణాంకాల పుస్తకాల్లో మండలాల వర్షపాతం ఉంటుంది, ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయంలో అడగవచ్చు. పదేళ్ళకో జట్టు చొప్పున పంచి, మొత్తం వాన ఎంత, వాన పడిన రోజులు ఎన్ని అన్నవి విడివిడిగా గీయమనండి. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే వాన రోజుగా లెక్క. మొత్తం మారకుండా రోజులు తగ్గితే దాని అర్థమేమిటి? పొలానికి ఏమవుతుంది, చెరువు కట్టకి ఏమవుతుంది? మీ మండలంలో అలాంటి మార్పు కనిపించకపోవచ్చు కూడా. కనిపించకపోతే కనిపించలేదనే రాయాలి. పిల్లలు ముందే అనుకున్న జవాబు కోసం గీతను వంచకుండా చూడడం మన బాధ్యత.

ఇంట్లో పెద్దవాళ్ళని కార్తెల గురించి అడిగి రమ్మనండి. మృగశిర వచ్చేసరికి ఏ పని మొదలయ్యేది, ఆరుద్ర పురుగులు ఎప్పుడు కనిపించేవి, చెరువు చివరిసారి అలుగు పోసింది ఎప్పుడు. వాళ్ళు చెప్పినవి వర్షపాతం పట్టిక పక్కన పెట్టి చూస్తే కొన్ని సరిపోతాయి, కొన్ని సరిపోవు. జ్ఞాపకం కూడా ఒక ఆధారమే, దాన్నీ పరీక్షించాలి అని పిల్లలకు గౌరవంగా అర్థమవ్వాలి. అవ్వ చెప్పింది తప్పని ఎవరూ నవ్వకూడదు.

కారణాలు విడదీయడం కూడా ఇక్కడే నేర్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు కారణం కుండపోత వానా, వాగు దారి ఆక్రమించడమా, గట్టుకి పడ్డ గండ్లా? గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు, కాబట్టి వాన భారీగా పడే వీలు పెరుగుతుంది, నిజమే. కానీ నీళ్ళు పోయే దారి మూసేసింది మనుషులే. మీ ఊరి చెరువుకీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది: వాన తగ్గిందా, పైనుంచి వచ్చే కాలువ పూడిపోయిందా, శిఖం భూమి, అంటే చెరువు నీళ్ళు నిలిచే నేల, కబ్జా అయిందా? అన్నిటినీ వాతావరణ మార్పు ఖాతాలో వేసేస్తే పిల్లలు ఆలోచించడం మానేస్తారు.

సీసాల ప్రయోగం గురించి ఒక హెచ్చరిక

రెండు సీసాలు, ఒకదాంట్లో వంటసోడా, వెనిగర్ కలిపి కార్బన్ డయాక్సైడ్ నింపి, బల్బు కింద పెట్టి, చూశారా ఇది ఎక్కువ వేడెక్కింది అని చూపించే ప్రయోగం సైన్స్ ఫెయిర్లలో బాగా కనిపిస్తుంది. దాన్ని నిరూపణగా చూపించకండి. అంత చిన్న సీసాలో ఆ వాయువు పీల్చుకునే వేడి చాలా తక్కువ, కనిపించే తేడా ఎక్కువగా బరువైన వాయువు కదలకుండా అడుగున ఉండిపోవడం వల్లనో, బల్బు దూరంలో తేడా వల్లనో వస్తుంది. తప్పు కారణంతో సరైన జవాబు నేర్పితే తెలివైన పిల్ల ఎప్పుడో ఒకరోజు అది పట్టుకుంటుంది, అప్పుడు మొత్తం విషయం మీదే నమ్మకం పోతుంది.

బదులుగా డిసెంబరు, జనవరిల్లో మబ్బు పట్టిన రాత్రులు, మబ్బులేని రాత్రులు తెల్లవారుజామున ఎంత చలి ఉందో రాయించండి. మబ్బున్న రాత్రి చలి తక్కువని ఊళ్ళో అందరికీ తెలుసు. ఎందుకు? నేల వదిలే వేడిని పైనున్నదేదో ఆపుతోంది. అక్కడి నుంచి కథ చెప్పొచ్చు: 1856లో యూనిస్ ఫూట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాల్లో వేర్వేరు వాయువులు నింపి ఎండలో పెట్టి కార్బన్ డయాక్సైడ్ ఉన్నది ఎక్కువ వేడెక్కిందని రాశారు, 1859లో జాన్ టిండాల్ ఆ వాయువు, నీటి ఆవిరి కంటికి కనిపించని వేడి కిరణాలను పీల్చుకుంటాయని పరికరంతో కొలిచి చూపించారు.

తర్వాత గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఏళ్ళ తరబడి కొలిచి గీసిన, హవాయిలోని మౌనా లోవా గ్రాఫు ఇవ్వండి, పేర్లన్నీ చెరిపేసి. చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల భాగాల్లో సుమారు 315 ఉండేది, ఇప్పుడు 420 దాటింది, పరిశ్రమలు రాకముందు 280 దగ్గర ఉండేది. గీత పైకి పోతోందని అందరూ చెబుతారు. మధ్యలో ఏటా పైకీ కిందికీ రంపపు పళ్ళలా ఎందుకు ఉందో అడిగి ఊరుకోండి. మే నెలలో శిఖరం, సెప్టెంబరు దాటేసరికి లోయ. నల్లగుడ్డ సీసా చేసిన పిల్లల్లో ఎవరో ఒకరు చెట్లేనా సార్ అంటారు. చెట్లే. ఉత్తరార్ధగోళంలో నేల, అడవులు ఎక్కువ, అక్కడ ఆకులు చిగురించి పెరిగే నెలల్లో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, ఆకులు రాలి కుళ్ళే నెలల్లో పెరుగుతుంది. చిన్న సీసాలో చూసిందే భూగోళమంతా జరుగుతోందని తెలిసినప్పుడు, ఆవరణ వ్యవస్థ పాఠం, వాతావరణ పాఠం రెండు వేరు కావని మీరు నోటితో చెప్పాల్సిన పని ఉండదు.

చర్చ నడిపేటప్పుడు

ప్రశ్న అడిగాక కనీసం మూడు సెకన్లు ఆగండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో క్లాసులు గమనించి, టీచర్లు సగటున ఒక సెకను కూడా సరిగ్గా ఆగరని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయని, మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పుతారని చూపించారు. చాలా చిన్న మార్పు, చేసి చూడండి.

కొన్ని అపోహలు తప్పకుండా వస్తాయి. ఓజోన్ పొరకి చిల్లు పడి ఎండ ఎక్కువైందని దాదాపు ప్రతి క్లాసులో ఎవరో ఒకరు అంటారు. అది వేరే సమస్య, భూమి వేడెక్కడానికి ప్రధాన కారణం అది కాదు. మంచు కరిగితే సముద్రం పెరుగుతుంది అంటే ఏ మంచు అని అడగండి. గ్లాసు నీళ్ళలో ఐసుముక్క తేలుతున్నప్పుడు గీత పెట్టి, కరిగాక చూస్తే పెరగదు. రాయి మీద పెట్టిన ఐసుముక్క కరిగి కిందికి జారితే పెరుగుతుంది. పది నిమిషాల పని.

భయం గురించి కూడా ఆలోచించాలి. పంట పోయిన ఇంటి పిల్లకి ఇది వార్త కాదు, ఇంటి పరిస్థితి. అంకెలు చెప్పి భయపెట్టి వదిలేయొద్దు. వాళ్ళు కొలిచినదాంతో ఏం చేయవచ్చో వాళ్ళనే అడగండి. చెరువులోకి మురుగు కలిసే చోటు గుర్తించి, పైన, కింద నీళ్ళు ఎలా ఉన్నాయో రాసిన ఒక పేజీ గ్రామసభలో చదవనివ్వండి. గుర్రపు డెక్క తీసేస్తే నీళ్ళు మారతాయా అన్నది ఒక మూల తీయించి, ఇంకో మూల వదిలేసి, రెండుచోట్లా కొలిచి చూడొచ్చు. మొక్కలు నాటితే ఎన్ని నాటామన్నది పక్కనపెట్టి, మరుసటి జూన్‌కి ఎన్ని బతికాయో లెక్కపెట్టించండి.

మార్కులు, రిజిస్టరు, సెలవులు

సిలబస్ ఎప్పుడు అవుతుందని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. ఫార్మేటివ్ మదింపులో ప్రాజెక్టు పనికి ఉన్న మార్కులు దీనికే వాడండి. జవాబు సరైనదా అని చూడకుండా, ఏం అనుకున్నాను, ఏం కొలిచాను, ఇప్పుడేం అనుకుంటున్నాను, ఎందుకు మార్చుకున్నాను అన్న నాలుగు ముక్కలు నోటుబుక్కులో ఉన్నాయా అని చూడండి. బాగా కుదిరిన పని ఉంటే జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌కి పంపొచ్చు, 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలు ఇలాంటి స్థానిక పరిశోధనలతోనే వెళ్తారు. వేప, మామిడి, రేల చెట్లు ఎప్పుడు పూస్తున్నాయో రాసేవాళ్ళు చెట్ల పూత, కాత వివరాలు సేకరించే సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో తమ చెట్టును నమోదు చేసుకోవచ్చు.

అసలు చిక్కు వేసవి సెలవులు. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా బడి ఉండదు, ఏడాదిలో అత్యంత వేడి రోజులు, తొలకరి వానలు అప్పుడే. బడి పక్కనే ఇళ్ళున్న పిల్లల్ని ఇద్దరేసి చొప్పున వారాలు పంచుకోమనండి, వానమాపకం ఒకరింటి డాబా మీదికి మార్చండి, చోటు మారిందని రిజిస్టరులో తేదీతో సహా రాయించండి. రాయడం మర్చిపోయిన రోజు గడి ఖాళీగా వదిలేయాలి, పక్క రోజు అంకె చూసి నింపకూడదు అని సెలవులకు ముందే గట్టిగా చెప్పండి. పదో తరగతి అయిపోయిన వాళ్ళ రిజిస్టరు జూన్‌లో ఎనిమిదో తరగతికి వచ్చే పిల్లల చేతికి వెళ్ళాలి, కొత్త పుస్తకం మొదలుపెట్టొద్దు, అదే పుస్తకంలో తర్వాతి పేజీ నుంచి రాయించండి.